గోరింక కాళ్ళకు పసుపు, దుప్పి వీపుకు చుక్కలు

ఒకప్పుడు పులికి చారలు లేవు. పాముకు గళ్ళు లేవు. దుప్పికి చుక్కలు లేవు. అడవిలో ఎవరిని చూసినా ఒంటి మీద సాదా బట్టే. పులి మూతి నుంచి తోక దాకా ఒకటే నారింజ రంగు. పాము పొడుగునా ఒకటే బూడిద. కాకి అప్పుడూ నలుపే. దాని సంగతి వదిలేయండి, అది మారే రకం కాదు.

సాదాగా ఉంటే నష్టమేంటని మీరు అడగొచ్చు. గోరింకలను అడగండి, చెప్తాయి.

ఒక ఏడు పెద్ద గోరింక పెళ్ళి జరిగింది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పెళ్ళికొడుకు తల ఎత్తి చూశాడు. ఎదురుగా కొమ్మ మీద పన్నెండు మంది ఆడవాళ్ళు. పన్నెండు మందీ ఒకటే బూడిద రంగు. పెళ్ళి చేయిస్తున్న కొంగ పంతులు, “కానియ్, ముహూర్తం దాటుతున్నది,” అని తొందరపెట్టాడు. పెళ్ళికొడుకు ధైర్యం చేసి ఒక తల మీద పెట్టేశాడు.

అది పెళ్ళికూతురి మేనత్త తల.

మేనత్త ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. ఆవిడ మీద చుట్టాలకు ఇప్పటికీ ఉన్న ఫిర్యాదు అదే.

పెళ్ళికూతురి చెల్లెలు చిన్న గోరింక ఇదంతా పక్క కొమ్మ నుంచి చూసింది. వచ్చే ఫాల్గుణంలో, మోదుగు పూసేనాటికి దాని పెళ్ళి. ‘నా తల మీద పెట్టేది నా తల మీదనే పడాలె,’ అనుకుంది. వెంటనే ఎగిరి, అడవి అంచున ఉండే ఆండాలమ్మ దగ్గరికి పోయింది.

అడవికంతా బట్టలు నేసేది ఆండాలమ్మే. ఆవిడకు ఉన్నవి ఒక గుంట మగ్గం, ఒక రంగు కాగు, కొద్దిగా వంగిన నడుము. చేతిలో పని ఆపకుండా మాట్లాడగలదు. మాట ఆపకుండా పని చేయగలదు.

“అవ్వా, నాకు పెళ్ళిచీర గావాలె. సాదా వద్దు,” అంది గోరింక.

“సాదా కాకుంటే ఏది?”

“ఏదో ఒకటి. బట్ట మీద ఏదన్న ఉండాలె.”

“ఏదన్న అంటే ఏంది?”

గోరింక రెక్కతో గాలిలో ఏదో గీసింది. ఆండాలమ్మ ఆ రెక్క వైపు చూసింది. గాలి వైపు చూసింది.

“దాని పేరేంది?”

“పేరు లేదు.”

“గట్లయితే నేత లేదు.”

ఆండాలమ్మ మొండితనం కాదు అది. ఆ ఇంటి పద్ధతి. కొత్త బట్ట మొదలుపెట్టేముందు మగ్గం మీద చెయ్యి వేసి, ఏం నేస్తున్నారో పేరు పెట్టి చెప్పాలి. “ఇది సాదా,” అనేది ఆవిడ. మగ్గం కిర్రుమని ఒప్పుకునేది. పేరు చెప్పకుండా, అడ్డపోగు మోసుకుపోయే నాడె విసిరితే, అది సగం దూరం పోయి, ఎక్కడికి పోవాలో చెప్పని ఎద్దులాగా మధ్యలో నిలబడిపోయేది. మగ్గానికి తెలిసిన పేరు ఒక్కటే, సాదా. అందుకే లోకమంతా సాదా.

అంతకుముందు ఉడుత కూడా వచ్చి అడిగింది. “ఇట్ల ఇట్ల పోయేటిది నేయి అవ్వా,” అని పొద్దంతా తోకతో ఇట్ల ఇట్ల చూపించింది. చివరికి ఒట్టి చేతులతో పోయింది.

“పేర్లు నేను తెస్తే?” అంది గోరింక.

“తెస్తే నేస్త. ముందు నీకే నేస్త.”

గోరింకకు మాటలంటే భయం లేదు. మూడు రోజులు అడవి మీద, అడవి అవతలి పొలాల మీద ఎగిరింది. వాగు ఒడ్డు ఇసుకలో బండి చక్రాల జాడలు కనబడ్డాయి. “చారలు,” అంది. గట్లు గట్లుగా వరిమళ్ళు కనబడ్డాయి. “గళ్ళు,” అంది. చెరువు చుట్టూ పచ్చగా గడ్డి పరుచుకుని ఉంది. “ఇది అంచు.”

ఆ మూడూ బాగానే ఉన్నాయి కానీ పెళ్ళిచీర మీద ఊహించుకుంటే మనసుకు ఎక్కలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అలసిపోయి నేరేడు చెట్టు మీద వాలింది. కింద చల్లటి నీడ. ఆ నీడ నిండా, ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ చిన్నచిన్న ముక్కలుగా పడి ఉంది. గోరింక చాలాసేపు కిందికి చూసింది.

“చుక్కలు,” అంది. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి తనకే చెప్పుకుంది. “నాకు గివే గావాలె.”

ఆండాలమ్మ ఒక్కో పేరూ విని మగ్గం మీద చెయ్యి వేసి చెప్పింది. చారలు అంటే మగ్గం కిర్రుమంది. గళ్ళు అంటే కిర్రుమంది. అంచు అంటే కిర్రుమంది. చుక్కలు అనేసరికి మగ్గం మామూలుగానే కిర్రుమంది కానీ ఆండాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

“చారలంటే నిలువు పోగుల్ల రంగు పోగులు కలుపుకుంటే అయిపాయె. గళ్ళంటే నిలువుకు అడ్డం గూడ కలపాలె. గది గూడ అయితది. చుక్కలంటే మాత్రం చిటికి కట్టాలె బిడ్డా.”

“కట్టు మరి.”

“చుక్కకొక ముడి. నూలు మగ్గం ఎక్కకముందే, ఏ చుక్క యాడ పడాల్నో చూసుకొని, గక్కడ నారతోని బిగించి ముడి ఎయ్యాలె. అప్పుడు రంగుల ముంచాలె. ముడి లోపలికి రంగు పోదు. ఇప్పితే తెల్లగ ఉంటది. గదే చుక్క.”

“మంచిగున్నది.”

“వినేటందుకు మంచిగనే ఉంటది. ఎంత పొడుగు?”

“అరవై మూరలు.”

ఆండాలమ్మ గోరింకను ముక్కు నుంచి తోక దాకా చూసింది. దానికి పెద్దగా సమయం పట్టలేదు.

“నువ్వు జానెడు లేవు గదనే.”

“కొంగు కింద జీరాడాలె అవ్వా. మా మేనత్త ఏ కొమ్మ మీద కూసున్నా గది నా చీరనే అని తెలువాలె.”

“కట్టుకుంటే లేవలేవు.”

“లేవకుంటే కూసుంట. పెళ్ళి గదా.”

మాట మాటే. ఆండాలమ్మ నార తీసి ముడులు వేయడం మొదలుపెట్టింది. గోరింక మగ్గం గుంజ మీద ఎక్కి కూర్చుని, అది సరిగ్గా లేదు, ఇది ఒక పిసరు పక్కకు జరిగింది అని చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరికీ పని దొరికింది.

పేర్లు దొరికాయని తెలిసి మిగతావాళ్ళూ వచ్చారు. ముందు ఉడుత వచ్చి, “చారలు,” అని గర్వంగా అంది. ఒక్క పూటలో మూడు చారలు నేయించుకుని పోయింది. ఉడుత చారల గురించి వేరే కథ ఉందని మీరంటారు. ఉంది. అది వేరే ఉడుత. నీరుకట్టె పాము వచ్చి గళ్ళు వేయించుకుంది. చిలక వచ్చి, తనకు ఒంటి నిండా పచ్చదనమే బాగుంటుందని, మెడ దగ్గర మాత్రం సన్నటి అంచు చాలని చెప్పింది. కణితి జింక వచ్చి అన్నీ చూసి, “నాకు సాదానే మంచిగుంటది,” అని వెళ్ళిపోయింది. దాన్ని ఎవరూ బతిమాలలేదు. ఇప్పటికీ సాదాగానే తిరుగుతోంది.

ఒకరోజు పులి వచ్చింది. అల్లంత దూరం నుంచే కనబడింది. దాని బాధే అది.

డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. వచ్చి మగ్గం ముందు మర్యాదగా కూర్చుంది.

“తిని ఎన్నొద్దులాయె?” అంది ఆండాలమ్మ.

“మొన్న ఒక ఎండ్రకాయ తిన్న అవ్వా,” అంది పులి తల వంచుకుని. “గదీ గదే ఎదురొచ్చింది.”

“అయ్యో.”

“నేను బయలెల్లితే చాలు, అడవంత ఖాళీ అయితది. దీపం పట్టుకొని దొంగతనానికి పోయినట్టుంటది నా బతుకు.”

ఆండాలమ్మ ఏమనాలో ఆలోచిస్తోంది. కానీ గుంజ మీద గోరింక ఉంది కదా.

“చారలు కట్టుకో అన్నా,” అంది. “నల్లయి, నిలువుగ. ఎండిన గడ్డిల నిలవడితే నిన్ను నువ్వే ఎతుక్కోవాలె.”

గోరింకను ఎవరూ అడగలేదు. మామూలుగా కూడా ఎవరూ అడగరు. అడిగేదాకా అది ఆగితే కదా.

పులి కళ్ళు పెద్దవయ్యాయి. మగ్గానికి పేరు తెలుసు, ఎదురుగా ఆకలితో ఉన్న ప్రాణి. ఆండాలమ్మ కాదనలేకపోయింది. ఇనుప ముక్కలు, బెల్లం వేసి ఊరబెట్టిన నల్లరంగు కాగు మీద మూత తీసింది. గోరింక “అయిందా?” అంటూ కాగులోకి తొంగి చూసి, తలకిందులుగా మెడ దాకా అందులో పడింది.

తీసేసరికి తల నల్లగా అయిపోయింది.

“గిది పోతదా అవ్వా?”

“పులికేసే రంగు పోతదా?”

“పోవద్దు గదా.”

“గందుకే పోదు.”

మూడు రోజుల్లో పులి బట్ట తయారైంది. పులి దాన్ని తీసుకుని ఎదురుగా ఉన్న ఎండు గడ్డిలోకి వెళ్ళింది. ఆండాలమ్మ, గోరింక చాలాసేపు చూశారు.

“అన్నా, కట్టుకున్నవా?” అని కేక వేసింది గోరింక.

“మీ ముంగటనే ఉన్న గదా,” అంది గడ్డి.

గోరింక చాలా సంతోషించింది. తన మాట అంత బాగా పనిచేయడం అదే మొదటిసారి.

నెల రోజులు గడిచాయి. ముడులన్నీ అయ్యాయి. ఆండాలమ్మ చండ్ర చెక్క వేసి కాచిన గోధుమ రంగులో నూలు ముంచింది, ఆరబెట్టింది, ముడులు విప్పింది, మగ్గానికి ఎక్కించింది. నేస్తుంటే గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గోరింక మాట్లాడకుండా చూసింది అని రాయాలని ఉంది కానీ అది నిజం కాదు.

యాభై ఎనిమిది మూరలు అయ్యాయి. రెండు మూరలు మిగిలాయి. మోదుగు మొగ్గ తొడిగింది.

కొత్త బట్ట మగ్గం దిగాక మూలకు పసుపు రాసి, ఆ తరువాతే కట్టుకోవాలి. ఇది మీ ఇంట్లో కూడా ఉన్న పద్ధతే. ఆండాలమ్మ పసుపు తడిపి గిన్నెలో సిద్ధంగా పెట్టింది. కానీ రెండు మూరలు ఆగడం గోరింక వల్ల కాలేదు. గిన్నెలోకి దిగి రెండు కాళ్ళకూ పసుపు రాసుకుంది. ముక్కుతో రాసుకుంది కాబట్టి ముక్కుకూ అయింది. కంటి పక్కన దురద పెడితే కాలితో గోక్కుంది. అక్కడా అయింది.

“బట్టకు గదనే పెట్టేది,” అంది ఆండాలమ్మ.

“బట్ట నాదే గదా. ఎవరికి పెడితే ఏంది?”

“పసుపు పడ్డంక ఇగ గీ నూలే కట్టుకోవాలె. వేరే మగ్గం బట్ట కట్టరాదు.”

“వేరేది ఎవరు కడతరు?” అంది గోరింక, కాళ్ళు మార్చి మార్చి చూసుకుంటూ.

అప్పుడు దుప్పి వచ్చింది. దాని వెనకాల నాలుగు రోజుల పిల్ల. సన్న కాళ్ళు, ఒంటి మీద సాదా గోధుమ రంగు. దుప్పి బట్ట అడగడానికి రాలేదు. ఒక సంగతి అడగడానికి వచ్చింది.

“అవ్వా, గడ్డికి ఏమన్న చేసినవా?”

“గడ్డికా? నేనేం చేస్త బిడ్డా?”

“పోయిన వారం మా అక్కను గడ్డి తీసుకపోయింది. మొన్న మా మేనమామను తీసుకపోయింది. ఇన్నాళ్ళు గడ్డిని మేం తిన్నం. ఇప్పుడు గడ్డే మమ్ముల తింటున్నది.”

మగ్గం ఆగింది. ఆండాలమ్మ గోరింక వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. గోరింక తన పసుపు కాళ్ళ వైపే చూసుకుంటోంది.

“గడ్డి కాదక్కా,” అంది మెల్లగా. “పులి. చారలు కట్టుకొని గడ్డిల నిలవడుతున్నది. గా మాట నేనే చెప్పిన.”

దుప్పి విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది గోరింకకు.

“పులి పస్తుండాలె అని నేననను,” అంది దుప్పి. “కానీ నా బిడ్డకు ఇంక ఉరుకుడు రాదు. గది వచ్చేదాక కనబడకుంట ఉంటే చాలు. ఏదన్న నేయి అవ్వా.”

“నేస్త. కానీ నూలు తీయాలె, ముడులు కట్టాలె, రంగెయ్యాలె. నలభై రోజులు పడతది.”

“పులి వాగు కాడ నీళ్ళు తాగుతున్నది. తాగుడు అయితే ఇటే వస్తది.”

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే పిల్లకు విసుగొచ్చింది. వెళ్ళి ఎదురుగా ఉన్న నేరేడు చెట్టు కింద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆకుల్లోంచి ఎండ దిగి దాని వీపు మీద పడింది. గుంజ మీద నుంచి చూస్తున్న గోరింకకు పిల్ల కనబడకుండా పోయింది. చెట్టు కింద నీడ, నీడలో చుక్కలు, అంతే. గాలి వీచింది. ఆకులు కదిలాయి. ఎండ చుక్కలు పక్కకు జరిగాయి. పిల్ల మళ్ళీ కనబడింది.

చుక్కలు జరగకుండా వీపు మీదే ఉండిపోతే చాలు.

ఈ సంగతి దుప్పికి తెలియదు. మగ్గం గుంటలో కూర్చున్న ఆండాలమ్మకూ తెలియదు. లోకం మొత్తంలో గోరింక ఒక్కదానికే తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. పెళ్ళినాడు మేనత్త ఎంత దగ్గరగా కూర్చున్నా, ఎంత గట్టిగా కళ్ళు మూసుకున్నా, యాభై ఎనిమిది మూరల చుక్కల చీరలో గోరింక ఒక్కతే పెళ్ళికూతురిలా ఉండేది.

గోరింక ఊరుకుంది.

ఒక ఊపిరి అయింది. రెండు అయ్యాయి. అది గుడ్డులోంచి వచ్చినప్పటినుంచి అంతసేపు ఎప్పుడూ ఊరుకోలేదు. ఆండాలమ్మ భయపడి నాడె కింద పెట్టింది.

“ఏమాయెనే? మంచిగనే ఉన్నవా?”

“అవ్వా,” అంది గోరింక. “గా చీర దింపు.”

“ఇంక రెండు మూరలున్నది.”

“ఉన్నంత దింపు.”

ఆండాలమ్మ కత్తి తీసి బట్ట కోసింది. ముందు పిల్లకు కప్పింది. తరువాత తల్లికి కప్పింది. ఇంకా బోలెడు మిగిలింది. ఆ మిగిలింది దుప్పి వీపున మడతలుగా వేసి, మందకంతా పంచమని చెప్పింది.

“అరవై మూరలు ఎందుకని అడిగినవు గదా,” అంది గోరింక. “గిందుకే.”

అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

పసుపు పెడదామంటే గిన్నెలో ఏమీ మిగల్లేదు. దుప్పికి ఎక్కడా పసుపు కనబడకపోవడానికి కారణం అదే.

దుప్పి మంద వైపు పరిగెత్తింది. పిల్ల నేరేడు చెట్టు కిందే, తల్లి చెప్పినట్టు కదలకుండా కూర్చుంది. గోరింక వెళ్ళి దాని పైన కొమ్మ మీద వాలింది.

పులి వచ్చింది. ఈసారి దూరం నుంచి కనబడలేదు. గడ్డిలో ఉన్నట్టుండి రెండు కళ్ళు, వాటి వెనక మిగతా పులి. వచ్చి చెట్టు కింద నిలబడింది. పిల్లకూ దానికీ మధ్య రెండడుగులు. పులి నీడలోకి చూసింది. నీడ నిండా చుక్కలు. వాటిలో కొన్ని ఊపిరి పీలుస్తున్నాయి. పులి ఆ సంగతి ఇంకా గమనించలేదు.

తల ఎత్తి గోరింకను చూసింది.

“చెల్లె, నీ పుణ్యాన నెల సంది కడుపు నిండుతున్నది. మంచిది. ఈడ దుప్పి పిల్ల ఏమన్న కనబడ్డదా?”

గోరింక సంగతి మీకు తెలుసు. తెలిసిన మాట చెప్పకుండా ఉండలేదు. ముక్కు తెరిచింది. కింద చుక్కల్లో ఒక చెవి వణికింది.

“పులి వచ్చింది,” అని అరిచింది గోరింక.

పులికి అర్థం కాలేదు. “గది నాకు తెల్సు,” అంది.

“పులి వచ్చింది. నేరేడు చెట్టు కింద ఉన్నది. చారలు కట్టుకొని ఉన్నది.”

“నేనే గదా చెల్లె పులిని. జర మెల్లగ.”

“గడ్డి కాదు, పులి. గడ్డి కాదు, పులి.”

వాగు దాకా వినబడింది. దుప్పుల మంద ఒక్క ఉరుకున గట్టు దాటింది. కొండముచ్చులు చెట్లెక్కాయి. నెమళ్ళు అందుకుని అవతలి గుట్ట దాకా కబురు చేరవేశాయి. కాసేపటికి ఆ పక్క అడవిలో మిగిలింది పులి, గోరింక, కొన్ని చుక్కలు.

పులి పెద్దగా నిట్టూర్చింది. ఇంత మంచి సలహా ఇచ్చిన పిట్టకు ఉన్నట్టుండి ఏమైందో దానికి తెలియలేదు. తోక విదిలించి అక్కడి నుంచి వెళ్ళిపోయింది. పోతూ పోతూ, దారిలో ఉన్న చుక్కల్ని దాటుకుని పోయింది. కిందికి చూడను కూడా లేదు.

గోరింక తెలిసిన మాటే చెప్పింది. అడిగిన మాట కాదు, అంతే.

ఇక పెళ్ళి సంగతి.

పసుపు పడింది కాబట్టి ఆ నూలే కట్టుకోవాలి. మగ్గం మీద రెండు మూరల నూలు మిగిలి ఉంది. ఆండాలమ్మ దాన్ని వెతికి చూస్తే, అంతా గోధుమ రంగే, ముడి వేసిన చోట్లు మాత్రం రెండే ఉన్నాయి.

“రెండు చుక్కలే వస్తయి బిడ్డా. ఎక్కడ పెట్టమంటవు?”

“ఎక్కడ పెట్టినా ఎవరికి కనబడతయి? నీ ఇష్టం అవ్వా.”

ఆండాలమ్మ ఆలోచించి, రెక్కకు ఒకటి చొప్పున, లోపలి మడతలో పెట్టి నేసింది. రెక్క ముడిస్తే కనబడవు.

మోదుగు పూసింది. పెళ్ళిరోజు గోరింక కొమ్మ మీద వచ్చి కూర్చుంది. నల్లటి తల, గోధుమ ఒళ్ళు, పసుపు కాళ్ళు. చీర సన్నదే అయినా కొత్తగా ఉంది కదా, పెళ్ళికొడుకు గుర్తుపడతాడులే అనుకుంది. పక్కకు తిరిగి చూసింది.

పక్కన మేనత్త. నల్లటి తల, గోధుమ ఒళ్ళు, పసుపు కాళ్ళు.

అటుపక్క పిన్ని, ఆ పక్క పెద్దమ్మ, వదినలు, అక్క. అందరిదీ అదే వేషం. గోరింకలకు ఒకటే విద్య తెలుసు, ఇంకొకరు చేసింది చేయడం. పెళ్ళికూతురు కొత్త వేషం వేసిందని విని, అందరూ వారం ముందే గోధుమ రంగు బట్ట నేయించుకుని, కాగులో తలలు ముంచుకుని, పసుపు రాసుకుని తయారయ్యారు.

పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు తలలూ చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

“కానియ్, ముహూర్తం దాటుతున్నది,” అన్నాడు కొంగ పంతులు.

మేనత్త ఒక అంగుళం ముందుకు జరిగి కళ్ళు మూసుకుంది.

పెళ్ళికొడుకు చెయ్యి ఆవిడ తల మీదికి పోతోంది. గోరింకకు అది కనబడింది. దాంతోపాటు ఇంకోటి కూడా కనబడింది. కొమ్మ కింద దూరంగా మేస్తున్న దుప్పుల పక్కన, గాలి లేకుండానే గడ్డి కదిలింది.

నోరు మూసుకుని కూర్చుని, “అటు కాదు, ఇటు,” అని ఒక్క సైగ చేస్తే పెళ్ళి అయిపోయేది. గోరింక లేచి ఎగిరింది.

“పులి వచ్చింది. గడ్డి కాదు, పులి.”

పీటల మీంచి లేచిపోయి, దుప్పుల వైపు అరుచుకుంటూ పోతోంది. రెక్కలు విచ్చుకున్నాయి. ఒక్కో రెక్కలో ఒక్కో తెల్లటి చుక్క ఎండలో తళుక్కుమంది. పెళ్ళికొడుకు చెయ్యి మేనత్త తలకు అంగుళం పైన ఆగింది.

సొంత పెళ్ళి వదిలేసి పులి వచ్చిందని అరిచే గోరింక అడవి మొత్తంలో ఒక్కతే. అది ఎవరో పెళ్ళికొడుక్కే కాదు, అందరికీ తెలుసు. అతను జీలకర్ర బెల్లం పట్టుకుని వెనకాలే ఎగిరాడు. దుప్పుల మీదుగా, గడ్డి మీదుగా, పైకి చూస్తున్న పులి మీదుగా పోయి, గాలిలోనే ఆమె తల మీద పెట్టేశాడు. కొంచెం పులి ముక్కు మీద కూడా పడింది.

మేనత్త కళ్ళు తెరిచేసరికి భోజనాలు అవుతున్నాయి.

మరుసటి ఏటికి గోరింకలందరూ రెక్కల్లో ఆ తెల్ల చుక్కలు నేయించుకున్నారు. ఇప్పుడు మళ్ళీ ఎవరు ఎవరో తెలియదు. అది వాళ్ళ గొడవ, వాళ్ళు చూసుకుంటారు.

అప్పటినుంచే దుప్పికి ఒంటి నిండా చుక్కలు. అప్పటినుంచే గోరింక కాళ్ళకు, ముక్కుకు, కంటి పక్కన కడిగినా పోని పసుపు. కూర్చుంటే సాదా, ఎగిరితే రెక్కల్లో తెలుపు. పులి అటుగా వస్తే చాలు, పులికి తెలిసిన సంగతే పులికి వినబడేలా అరిచి చెప్పడమూ అప్పటినుంచే.

మేస్తున్న దుప్పి వీపు మీద గోరింక కూర్చుని ఉండటం మీరు ఎప్పుడైనా చూస్తే, పురుగులు ఏరుకుంటోందని పెద్దవాళ్ళు చెప్తారు. ఏరుకుంటుంది, కాదనను. కానీ దగ్గరికి వెళ్ళి వినండి. మధ్యమధ్య ఏరడం ఆపి, తల ఒక పక్కకు వంచి, ఒక్కో చుక్కా చూసుకుంటూ అంటుంది:

“జర మెల్లగ నడువక్కా. నా చీర నలుగుతున్నది.”